తిత్తి

చీటీ మీద ముందే రాసి ఉంది:
"కుడి మోకాలి వెనక వాపు. నీటి తిత్తి. నిర్ధారించగలరు."
నిర్ధారించమన్నారు, నిర్ధారించాను.
ఏప్రిల్ పదకొండు, ఉదయం పది నలభై.
ఆవిడ పేరు జోర్కా పుత్సెర్, వయసు అరవై రెండు,
పని ఉప్పు మళ్ళలో.

పిరాన్ అవతల
సముద్రాన్ని మళ్ళు కట్టి ఎండకి అప్పజెప్పే చోటు.
అడుగున పరిచిన నాచుపొర చిట్లకుండా
చెక్క అడుగుల చెప్పులేసుకుని
పొడుగాటి చెక్కపారతో
పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా
నీళ్ళలోంచి తెలుపుని దగ్గరికి లాగుతారు.
ముప్పై తొమ్మిదేళ్ళుగా లాగుతోంది ఆవిడ.
మడమల పగుళ్ళలో ఉప్పు తళుక్కుమంది
నా గది గుడ్డిదీపంలో.

"పొద్దున లేచేసరికి ఉండదమ్మా.
మధ్యాహ్నానికి అంజూరమంత,
దీపాలవేళకి గుడ్డంత" అంది.
"సరే, బోర్లా పడుకోండి" అన్నాను.

తెర మీద నలుపు.
నా విద్యలో నలుపంటే నీరు.
నలుపంటే నెత్తురు కూడా.
రెంటికీ తేడా చెప్పే మీట
నా చిటికెనవేలికి రెండంగుళాల దూరంలో ఉంది.
బయట బల్ల మీద పదకొండుమంది ఉన్నారు.
చీటీలో మాటని కళ్ళకి గంతలా కట్టుకుని
తిత్తి అని రాశాను.

డాక్టర్ ఫెర్లూగా సూదితో నీరు లాగేద్దామన్నాడు,
జూన్‌లో తేదీ ఇచ్చాడు.
ఆ రోజు ఎండ కాసింది, ఉప్పు పేరింది,
ఆవిడ రాలేదు.
ఆ సూది ఎక్కడ దిగబోయిందో తెలిశాక
ఆ ఎండకి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సిర అది.
నిలబడ్డ ప్రతి గంటా కొంచెం సాగి, కొంచెం పలచబడి
బుడగలా ఉబ్బిన సిర.
పైకి పోవలసిన నెత్తురు అక్కడ దారి మరిచి
సుడి తిరుగుతూ, తిరుగుతూ, ఒక మూల గడ్డకట్టింది.
ఆగస్టు ఆఖర్న
అందులోంచి చిన్న తునక తెగి బయల్దేరింది.

మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టొద్దని
నవ్వుతాం కదా.
మోకాలికీ ఊపిరికీ ముడి ఉంది.
తొడ, గజ్జ, పొట్ట, గుండె కుడిగది,
ఒక్కచోటా ఎవరూ ఆపని దారి.
నేను కాలి దగ్గర రాసిన మాట
పైకెక్కి ఊపిరితిత్తి చేరింది.

ఉప్పుబండి పక్కన కూలబడిందట.
నీవెస్ అనే కుర్రది పార విసిరేసి
నాచుపొర మీదినుంచే, చెప్పుల్లేకుండానే పరిగెత్తిందట.
ఆ మడి ఆ ఏటికి పాడైపోయింది.

రెండోసారి చక్రాల కుర్చీలో తెచ్చారు.
చీటీ మీద ఈసారి ప్రశ్నార్థకం ఒక్కటే.
"ఒక్క నిమిషం నిలబడగలరా?"
నా భుజం పట్టుకుని లేచింది.
నేను నేల మీద మోకరిల్లి
ఆ మోకాలి వెనక పరికరం ఆనించి
మీట నొక్కాను.
నలుపు నిండా నీలం, ఎరుపు,
బురా గాలి వీచే రోజు అఖాతంలా.
ఒక మూల మాత్రం రంగు పట్టలేదు.
అదిమి చూడ్డానికి చెయ్యి రాలేదు.

"నీరేనా?" అంది పైనుంచి.
"కాదు."
"ఆ రోజే చెప్పానుగా, నిలబడితేనే వస్తుందని."
కోపం లేదు ఆ గొంతులో.
ఉప్పు ఎప్పుడు లాగాలో
కొత్తగా పనిలో చేరినవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

పలచబడ్డ గోడ కోసి కుట్టారు.
బిగుతు మేజోళ్ళు ఇచ్చారు,
ఎండాకాలం చస్తే తొడగనంటోంది.
వచ్చే ఏడు మళ్ళలోకి దిగుతుందా అని
నేను అడగలేదు.

ఇప్పుడు నా గదికి వచ్చినవాళ్ళని
ముందు నిలబెడతాను. విసుక్కుంటారు.
చీటీ ఆఖర్న చదువుతాను.

మా కంప్యూటర్లో పాత రిపోర్టు కొట్టెయ్యడానికి వీల్లేదు.
కింద ఇంకో వరస చేర్చొచ్చు, అంతే.
చేర్చాను.
పైన అది అలాగే ఉంది,
పది నలభై, నా సంతకం,
రెండక్షరాల మాట.